చెయ్యి చూపించి అవలక్షణం

తిరుపతిలో మనిషికి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. మణికట్టు నొప్పి అంటే మాత్రం ఎవరికి వాళ్ళే డాక్టర్లు. కుడిచేతి బొటనవేలి మొదట్లో, సరిగ్గా వాచీ పట్టీ కింద, నాకు నొప్పి మొదలయ్యాక ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. ఎందుకొచ్చిందంటారని అడగడమే ఆలస్యం, ప్రతివాళ్ళూ నా మీద ఏళ్ళ తరబడి దాచిపెట్టుకున్న ఫిర్యాదొకటి బయటికి తీశారు.

మా ఆవిడ చెయ్యి పట్టుకుని చూడను కూడా లేదు. "పొద్దస్తమానం ఆ ఫోను గెలుకుతా ఉంటే నొప్పి రాక ఏం చేస్తాది?" అని వంటింట్లోంచే తేల్చేసింది. మా అమ్మ దృష్టిలో తప్పు ఫోనుది కాదు, ఇడ్లీది. "సంగటి మానేసినప్పుడే మీ ఎముకల్లో సత్తువ పోయింది. మీ నాయన ఎనభై ఏళ్ళు బతికినాడు, ఒక్కనాడు చెయ్యి నొప్పి అన్నాడా?" అంది. అననే లేదు, నిజమే. ఆ ఎనభై ఏళ్ళూ ఆయన సంగటి తిన్నాడే గానీ కెలకలేదు.

సంగటి కెలకడం చూసినవాళ్ళకు ఈ తేడా తెలుస్తుంది. బియ్యం మెత్తగా ఉడికిన ఎసట్లో రాగిపిండి పోసి, మధ్యలో తెడ్డుతో గుంత పెట్టి, మూతేసి సెగ తగ్గిస్తారు. అంతవరకు సుఖమే. పిండి ఉడికాక గిన్నె కిందికి దించి, గుడ్డతో అదిమి పట్టి, తెడ్డు రెండు చేతులా బిగించి కెలకాలి. మొదటి రెండు తిప్పులు తెడ్డు మన మాట వింటుంది. తర్వాత సంగటి మాట వింటుంది. ఉండ కట్టకుండా, అడుగంటకుండా తిప్పే ఆ తిప్పుడంతా మణికట్టు మీదే. ఆ పక్కనే ఊరిబిండికి చెనిక్కాయలు రోట్లో నూరడం అదనం. ఇంత చేసిన మా అమ్మ మణికట్టు నొప్పే ఎరగనంటుంది. రాత్రి రెండింటికి లేచి, తిమ్మిరెక్కిన బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ విదిలించుకుంటూ కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. అది నొప్పి కాదట, వాతమట. మణికట్టు అడుగున సందులాంటి దారి ఒకటుంది. వేళ్ళను వంచే తొమ్మిది స్నాయువులూ, వాటితో పాటు స్పర్శ తెలిపే ఒక నాడీ అందులోంచే దూరి పోవాలి. షుగరో థైరాయిడో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు అక్కడ ఇరుకై నాడి నలుగుతుంది. దాన్ని కార్పల్ టన్నెల్ అంటారమ్మా అని చెప్పబోతే, "అందుకే సంగటి తినమనేది" అంది.

చిత్తూరు పక్క పల్లెలో ఉండే మా చిన్నాయన అయితే మొత్తం ఉద్యోగస్తుల జాతినే తప్పుపట్టాడు. "పని లేని చేతికే నొప్పులబ్బా. నాది చూడు" అని చెయ్యి చాపాడు. చూశాను. తెల్లారక ముందే లేచి జెర్సీ ఆవులకు పాలు పిండే చెయ్యది. బొటనవేలు లోపలికి మడిచి, దాని కణుపుతో చన్ను నొక్కి పిండడం ఆయన అలవాటు. ఆ వేలు ఇప్పుడు వంచితే టక్కుమంటుంది, చాపాలంటే రెండో చెయ్యి సాయం కావాలి. ఇదేంది చిన్నాయనా అంటే, "అది నొప్పి కాదులే, సద్దు" అన్నాడు.

మా వదిన రోగనిర్ణయం మరీ ఘనమైంది. దైవభక్తి చాలకపోవడం వల్ల వచ్చిన నొప్పట. ఆవిడ అలిపిరి నుంచి మెట్ల పూజ చేసిన మనిషి. 3,550 మెట్లు. ప్రతి మెట్టుకూ నడుం వంచడం, పసుపు రాయడం, బొట్టు పెట్టడం. గాలిగోపురం దాటేసరికి ఏ వేలితో పెడుతున్నామో కూడా తెలియదంటుంది. దిగొచ్చాక వారం పాటు ఆవిడ చేతికి అమృతాంజనం వాసన పోలేదు. అది మాత్రం స్వామి పరీక్ష. నాది శిక్ష.

నొప్పి గురించి మాట్లాడే హక్కు నిజంగా ఉన్నవాళ్ళు కొండ మీద కల్యాణకట్టలో కూర్చుని ఉంటారు. తల తడిపి, ముందు నుంచి వెనక్కి కత్తి లాగి, చెవి వెనక ఒంపు దగ్గర మణికట్టు సన్నగా తిప్పే ఆ తిప్పు చూడండి. కింద తల కదులుతూ ఉంటుంది, చంటిపిల్లాడైతే ఊరంతా వినబడేలా ఏడుస్తూ ఉంటాడు. అయినా గాటు పడకూడదు. ఒక గుండు పూర్తయ్యేలోపు ఇంకో గుండు తడుపుకుని సిద్ధంగా కూర్చునుంటుంది. వాళ్ళెవరూ నన్ను ఫోను తగ్గించమనలేదు. వాళ్ళకంత తీరికేదీ?

ఇంట్లో ఎవరి వాదం వాళ్ళదైనా, వైద్యం దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకే మాట: పుత్తూరు. మా వైపు చెయ్యి విరిగినా, కాలు బెణికినా, ఆఖరికి పెళ్ళి సంబంధం తప్పినా ముందు పుత్తూరు కట్టు పేరే గుర్తొస్తుంది. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం వస్తారు. పుత్తూరు కట్టు అన్న బోర్డు ఇప్పుడు పుత్తూరు ఎక్కడుందో తెలియని ఊళ్ళలోనూ కనిపిస్తుంది. వేళ్ళతో తడిమి ఎముక విరిగిన చోటు కనిపెట్టడాన్ని వెక్కిరించేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కింద పడేటప్పుడు చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునే రకాన్ని అబ్రహాం కాలిస్ డబ్లిన్‌లో 1814లో వర్ణించాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో. అంటే ఆయనా తడిమి చెప్పినవాడే. అలాగని అన్నిటికీ తడమడం చాలదు. బొటనవేలి కింద స్కాఫాయిడ్ అని చిన్న ఎముక ఉంది. స్కూటరు మీంచి పడినప్పుడు చిట్లితే మొదటి ఎక్స్‌రేలో కూడా దొరక్కుండా దాక్కుంటుంది. రక్తప్రసారం తక్కువ కాబట్టి అతుక్కోవడానికి నెలలు తీసుకుంటుంది. బెణికిందిలే అని నూనె రుద్దించుకునేవాళ్ళను అది ఏడిపించినంతగా ఇంకే ఎముకా ఏడిపించదు.

నేను పడనూ లేదు, విరగ్గొట్టుకోనూ లేదు కాబట్టి ఎముకల డాక్టరు దగ్గరికే పోయాను. ఆయన బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూయమన్నాడు. మూశాను. పిడికిలిని చిటికెనవేలి వైపుకు కిందికి వంచాడు. నేను కుర్చీలోంచి పైకి లేచాను. పరీక్ష అయిపోయింది.

"ఇంట్లో చంటిపాప ఉందా?" అన్నాడు.

మనవరాలుంది, ఎనిమిది నెలలు. బొటనవేళ్ళు రెండూ పైకి విచ్చదీసి, దాని చంకల కింద చేతులు వేసి ఎత్తి, గాల్లో ఆడించి దించడం నా సాయంకాలపు కార్యక్రమం. డాక్టరు నవ్వాడు. బొటనవేలిని కదిలించే స్నాయువులు రెండు మణికట్టు పక్కన ఒక తొడుగులోంచి పోతాయట. ఆ తొడుగు మందమైతే లోపల రాపిడి. ఎక్స్‌రే పుట్టిన ఆ 1895లోనే స్విట్జర్లాండు సర్జను ద కెర్వాన్ దీన్ని వివరించాడు. కొత్తగా కన్న తల్లులకు తరచుగా వస్తుంది. "తాతలకు తక్కువే" అని, బొటనవేలు కదలకుండా పట్టీ వేసుకోమని, నొప్పి తగ్గకపోతే ఇంజెక్షను చూద్దామని, పాపను ఎత్తేటప్పుడు అరచేతులు కిందినుంచి పెట్టి చెంచాలా తోడుకోమని చెప్పాడు.

ఇంటికొచ్చి చెప్పాను. ఫోను, ఇడ్లీ, ఉద్యోగం, భక్తి, ఇన్నిటిమీద నేరం మోపిన ఇంట్లో పాప మాట ఎవరికీ తట్టలేదు. తట్టినా ఒప్పుకునేవాళ్ళు కారు. "పసిబిడ్డ మీద చెప్తాడా ఆ డాక్టరు? దిష్టి తగలదూ!" అని మా అమ్మ అప్పటికప్పుడు దానికి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. నా చేతికి తిప్పేవాళ్ళు లేరు.

ఇక పట్టీ వేసుకుని వీధిలోకి పోతే, టీ అంగడి దగ్గర మొదటి ప్రశ్న: "పుత్తూరా సామీ?" కాదని, తొడుగని, రాపిడని, స్విట్జర్లాండని మొదట్లో వివరించేవాణ్ణి. విన్నవాళ్ళంతా చివర్లో, "ఎందుకైనా మంచిది, పుత్తూరికి ఒకసారి పొయ్యి రాకూడదా?" అనేవాళ్ళు. టీ చల్లారిపోతోందని ఈమధ్య ఔననడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఎదురింటి మామ తన మోకాలికి కూడా చూపించుకుంటాడట. వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కుదాం, నీకు వాళ్ళు బాగా తెలుసు కదా అంటున్నాడు.