వోచరయ్య గారు

ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ ఒక వోచరయ్య గారు ఉంటారు. అసలు పేరు సర్వీసు రిజిస్టరులో ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పనిపడదు. హోదా సూపరింటెండెంటు. కలెక్టరు గారు మీటింగు పెట్టారనగానే అందరూ నివేదికల కోసం పరుగులు తీస్తే, ఆయన మాత్రం తాపీగా కళ్లజోడు సవరించుకుని, "ఎంతమంది తాగుతారు?" అని అడుగుతారు. టీ గురించే లెండి.

ఆయనకు వేదం ఒక్కటే. మామూలు వివేకం ఉన్న మనిషి సొంత డబ్బు విషయంలో ఎంత జాగ్రత్తపడతాడో, అధికారి సర్కారు సొమ్ము విషయంలోనూ అంత జాగ్రత్తపడాలి. కేంద్రం వారి 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్సులో 21వ నియమం ఇది. మన రాష్ట్ర ఫైనాన్షియల్ కోడ్‌దీ ఇదే మాట. చాలామంది దీన్ని చదివి వదిలేస్తారు. వోచరయ్య గారు పాటిస్తారు. చిక్కంతా అక్కడే. సొంత డబ్బు విషయంలో ఆయన ఎలాంటివారో వాళ్లింటికి వెళ్లినవాళ్లకి తెలుసు. "భోంచేసే వచ్చుంటారు!" అని గుమ్మంలోనే తేల్చేస్తారు.

ఆ మధ్య మా ఆఫీసుకి కోనసీమ నుంచి బదిలీ మీద ఒక ఆఫీసరు గారొచ్చారు. రివ్యూ మీటింగుకి పెసరట్టు ఉప్మా, పూతరేకులు చెప్పమన్నారు.

"రూలు ఒప్పుకోదు సార్."

"ఏ రూలండీ? సొంత డబ్బులా ఖర్చుపెట్టమనేగా? ఇంతకంటే తక్కువ పెడితే మా అమ్మ నన్ను గడప తొక్కనివ్వదండి!"

ఇద్దరూ ఒకే నియమం మీద నిలబడి వాదించుకున్నారు. ఆ మామూలు వివేకం గల మనిషిది ఏ జిల్లానో రాయకపోవడం నియమం చేసినవాళ్ల పొరపాటు. చివరికి తలా రెండిడ్లీల దగ్గర రాజీ కుదిరింది. చట్నీ ఒకటే రకం.

2019లో కేంద్ర ఆరోగ్యశాఖ తన సమావేశాల్లో బిస్కెట్లు మానేసి బాదం, అక్రోటు, ఖర్జూరం, వేయించిన శనగల్లాంటివి పెట్టాలని సర్క్యులరు ఇచ్చింది. ఆ వార్త చదివి వోచరయ్య గారు క్యాలిక్యులేటరు తీశారు. బాదం దగ్గర చెమట పట్టింది, అక్రోటు దగ్గర మంచినీళ్లు తాగారు, శనగల దగ్గర మొహం వికసించింది. అది మన శాఖ ఉత్తర్వు కాదని ఎంత చెప్పినా వినలేదు. "ఆరోగ్యం ఏ శాఖకైనా ఆరోగ్యమే" అని ఆనాటి నుంచీ మాకు శనగలే.

2024లో సిమ్లాలో ముఖ్యమంత్రి కోసం తెప్పించిన సమోసాలు, కేకులు భద్రతా సిబ్బంది పాలయ్యాయని సీఐడీ విచారణ జరిగింది. దేశమంతా నవ్వుకుంటే ఆయన ఒక్కరే నవ్వలేదు. "తిన్నవాళ్లచేత అక్విటెన్సులో సంతకం పెట్టించుకుని ఉంటే ఈ గొడవ ఉండేదా?" అన్నారు.

సంతకాలంటే ఆయనకి అంత గురి. రసీదు ఐదువేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. అందుకని మా టీ బిల్లు ఎన్నడూ 4,990 దాటదు. ఆ స్టాంపు కొనాల్సింది కొట్టతనే అయినా, రూపాయి రూపాయే.

"బాబుగారూ, జమాబందీ నాటి టీ డబ్బులు ఇంకా రాలేదండి" అని అతను చేతులు నలుపుకుంటూ నిలబడతాడు.

"ట్రెజరీ వాళ్లు అబ్జక్షను పెట్టారయ్యా. మొదటి వోచరులో నీ సంతకం తెలుగులో ఉంది, రెండోదాంట్లో ఇంగ్లీషులో ఉంది. ముందు నువ్వు ఒక్కడివో ఇద్దరివో తేల్చుకుని రా."

ఇంత నిష్ఠాపరుడికీ ఆడిట్ తప్పలేదు. ఎక్కువ ఖర్చుపెట్టినందుకు మాత్రం కాదు. "హాజరు 18, టీలు 9. కావున సదరు సమావేశం జరిగినట్లు నమ్మశక్యముగా లేదు" అని రాశారు. వోచరయ్య గారు ఏమాత్రం చలించకుండా, "వన్ బై టూ పద్ధతిన సరఫరా చేయడమైనది" అని సంజాయిషీ రాసి, స్వయంగా పట్టుకెళ్లి ఆడిట్ పార్టీ ముందు పెట్టారు. వెనకాలే అటెండరు టీ పట్టుకొచ్చాడు.

వచ్చిన ఆడిటర్లు ఇద్దరు. ట్రేలో టీ ఒకటే, పక్కన ఖాళీ గ్లాసు ఒకటి.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "సంజాయిషీ సంతృప్తికరం. అభ్యంతరం విరమించడమైనది" అని రాసిచ్చారు.