నా సంపాదన ఎటు పోయింది?

నేనొక ఫిడేలును. పదహారో శతాబ్దంలో, ఇటలీలోని బ్రెషాలో గాస్పారో ద సాలో నన్ను తయారు చేశాడు. తోటి ఫిడేళ్లకు తల దగ్గర చుట్ట ఉంటుంది. నాకు చెక్కి రంగులద్దిన శిరస్సు ఉంది. దాన్ని చెక్కింది ప్రసిద్ధ శిల్పి బెన్వెనూటో చెల్లీనీ అని లోకం చెప్పుకుంటుంది. ఆ పేరు పుణ్యమా అని నన్ను చూసి మురిసినవాళ్లే ఎక్కువ, వాయించినవాళ్లు తక్కువ.

చివరికి వియన్నా నుంచి ఓలే బుల్ చేతికి చిక్కాను. 1810లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టాడాయన. తండ్రిది మందుల వ్యాపారం. కొడుకు చర్చిలో మతగురువు కావాలని ఆయన పట్టు. కొడుకేమో పరీక్ష తప్పి ఫిడేలు పట్టాడు. 1834లో బొలోన్యా కచేరీతో యూరప్ అంతా పేరు మోగింది.

ఆయన కిటుకు చెబుతాను. తీగల కింది బ్రిడ్జి మామూలుగా వంపు తిరిగి ఉంటుంది, అందుకే కమాను ఒకసారికి ఒకటో రెండో తీగలను పలికిస్తుంది. ఆయన ఆ వంపును బాగా తగ్గించి, పొడుగాటి బరువైన కమాను పట్టాడు. ఒక్క లాగుడుకు నాలుగు తీగలూ పలికేవి. కళ్లు మూసుకుంటే నలుగురు వాయిస్తున్నట్టే!

నార్వే పల్లెల్లోని హార్డాంగర్ ఫిడేళ్లకూ బ్రిడ్జి చదునుగానే ఉంటుంది. ఆ పల్లె బాణీలంటే ఆయనకు ప్రాణం. 1849లో మిల్లర్‌గుట్టెన్ అనే పల్లె వాద్యకారుణ్ణి రాజధాని క్రిస్టియానియాలో వేదిక ఎక్కించాడు. అదే నేటి ఓస్లో. దొరల సభలో పల్లెపాట వినిపించడం అప్పట్లో చిన్న సాహసం కాదు.

విదేశాల్లో గడించింది సొంత మనుషుల మీదే ధారపోశాడు. నార్వే భాషలో నాటకాలాడాలని 1850లో బెర్గెన్‌లో రంగశాల తెరిచాడు. మరుసటి ఏడాది అందులో పనికి కుదిరిన కుర్రాడే తర్వాత గొప్ప నాటకకర్త అయిన ఇబ్సెన్. 1852లో వలస వచ్చిన నార్వేవాళ్ల కోసం అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఓలియానా అనే ఊరు కట్టబోయి చేతులు కాల్చుకున్నాడు. 1858లో పదిహేనేళ్ల ఎడ్వర్డ్ గ్రీగ్ పియానో విని, వీణ్ణి సంగీతం చదవడానికి లైప్‌జిగ్ పంపి తీరాలని తల్లిదండ్రులను ఒప్పించాడు. ఆ కుర్రాడే తర్వాత నార్వే గర్వించే స్వరకర్త అయ్యాడు.

1880లో ఆయన కన్నుమూశాక, భార్య సారా నన్ను బెర్గెన్ మ్యూజియానికి ఇచ్చేసింది. ఆయనకు డబ్బు నిలవలేదని జనం అంటారు. నా లెక్క వేరు: ఓలియానా నష్టమంతా తీసేసినా, గ్రీగ్ ఒక్కడు చాలు లాభానికి.