మూడు రోజులు ఆగలేకపోయాను

కొత్త జాతిని కనిపెట్టానన్న నమ్మకంతో ఏడు నెలలు గడిపాను. ఆ తొందరపాటును ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

గోదావరి డెల్టాలో మా ఊరి చెరువు. తొలకరి వెళ్లాక గట్టు అంచున తడిమట్టి పెళ్ల లేపితే, కింద గూడులాంటి గుంటలో లేత తేనెరంగు పెంకుపురుగు కనిపించింది. సెంటీమీటరు పొడవుంటుంది. పక్క పెళ్లల కింద మరో నాలుగు దొరికాయి. రొమ్ము కింద పొడుగునా ఉబ్బెత్తుగా గట్టి గీత, మూతి పక్కన మీసాల్లా సాగిన స్పర్శాంగాలు చూసి హైడ్రోఫిలిడే కుటుంబమనీ, స్టెర్నోలోఫస్ ప్రజాతి అనీ పోల్చుకున్నాను. ఆ ప్రజాతిలో నేను చూసినవన్నీ నల్లనివి. ఇవి తేనెరంగువి. అంతే, కొత్తవే అనుకున్నాను.

నాలుగింటిని అప్పటికప్పుడే ఆల్కహాల్లో వేశాను. ఐదోదాన్ని మా అమ్మాయి అడిగి తీసుకుంది. గాజుసీసాలో తడిమట్టి వేసి, కాసిన్ని నీళ్లు పోసి అందులో ఉంచింది.

మర్నాడు ఒకదానికి సూది గుచ్చుతుంటే రెక్కపెంకు మైనంలా లోపలికి వంగింది. పురుగు ఇంకా ముదరలేదని అర్థం. నేను పట్టించుకోలేదు. అప్పటికే పేరు ఖాయం చేసుకున్నాను. పోయిన మా అమ్మ పేరు చివర లాటిన్ స్త్రీ ప్రత్యయం చేర్చి కాగితం మీద రాసుకున్నాను. ఆ పేరు రాసిన క్షణం నుంచి నా కంటికి పురుగు ఆనలేదు, పేరే కనిపించింది.

మూడో రోజు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, పురుగు నల్లబడింది!"

వెళ్లి చూశాను. బొగ్గులా నిగనిగలాడుతోంది, కాళ్లు మాత్రం ఎర్రన. నీటి పైకి వచ్చి, తల ఓరగా వంచి, పొట్టి మీసంతో నీటిపొరను చీల్చి గాలి తీసుకుంది. ఆ గాలి పొట్ట కింద వెండిరేకులా పరుచుకుంది.

"ఇది అది కాదు తల్లీ, నువ్వే ఎక్కడో మార్చేసి ఉంటావు" అన్నాను.

"నేను మార్చలేదు నాన్నా" అంటూ ఏడ్చేసింది. నేను నమ్మలేదు.

వ్యాసం పత్రికకు పంపాను. అక్కడి పరిశీలకుడు ఒక్క ప్రశ్నతో తిప్పి పంపారు: మగపురుగు జననాంగాన్ని విప్పి చూశారా? చూడలేదు. ఈ కుటుంబంలో దగ్గరి జాతులను చాలాసార్లు విడదీసేది అదే కానీ రంగు కాదని క్లాసులో చెప్పేది నేనే. ఆ రాత్రి ఒక మగదాని పొట్ట కొసను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, జననాంగాన్ని గ్లిజరిన్ చుక్కలోకి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. నడిమి కాడ, దాని రెండు పక్కల రెమ్మలు, అన్నీ వానాకాలం రాత్రుళ్లు మన ట్యూబులైట్ల కింద రాలిపడే స్టెర్నోలోఫస్ రూఫిపెస్‌వే. ఆ లాటిన్ పేరుకు అర్థమే ఎర్రకాళ్లది. నా పురుగులు ప్యూపా దశ దాటి అప్పుడే బయటపడ్డవి, ఇంకా రంగు తేరనివి. ఆ గుంటలే వాటి పురిటిగూళ్లు.

తెల్లవారాక అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని తప్పు నాదేనని చెప్పాను. నిజం మా ఇంట్లోనే, సీసాలో, నా కళ్లెదుటే నల్లబడింది. దాన్ని చూసిన పిల్లను నేను ఏడిపించాను.

లేతరంగు పురుగు మీకెప్పుడైనా దొరికితే, దయచేసి ఒకదాన్నయినా బతకనివ్వండి. మూడు రోజులు ఆగండి. పేరు తర్వాత పెట్టొచ్చు.

సూది గుచ్చిన ఆ పురుగు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. కింద చీటీ మార్చి రాశాను: స్టెర్నోలోఫస్ రూఫిపెస్ (ఫాబ్రీషియస్, 1792). రంగు తేరకముందు పట్టినది.