మాక్రోపాధ్యాయులవారు

టైపుల బెడద లేక యథేచ్ఛగా వ్రాసికొన్న ప్రోగ్రాములోనికి, కుదిరినచోట కుదిరినంత మేరకు టైపులను ప్రవేశపెట్టుకొను సదుపాయమునకు 2006లో జెరెమీ సీక్, వాలిద్ తాహాలు గ్రాడ్యువల్ టైపింగ్ అని నామకరణము చేసిరి. అట్టి సదుపాయముతో 2008లో విద్వత్సభ యెదుట నిలిచిన టైప్డ్ స్కీమునే నేడు టైప్డ్ రాకెట్ అనుచున్నాము. ఈ భాషతో కాపురము చేయువారు ఎక్కడ నలుగురు చేరినను, అందొకరు మాక్రోపాధ్యాయులవారై యుందురు.

వారు లూపు వ్రాయరు. లూపులు వ్రాయు మాక్రోను వ్రాయుదురు. అందును శ్రమ యున్నదని తోచినచో, ఆ శ్రమ పడుటకు వేరొక మాక్రోను నియమింతురు. నాలుగు పంక్తులలో తేల్చితినని మీసము దువ్వుకొనుచున్న తరుణమున టైప్‌చెకర్ ముప్పది పంక్తుల అభ్యంతరమును వారి మొగమున విసరును. అందు వారెరిగిన పేరొక్కటియు నుండదు. "ఈ లూపెవరిది? ఈ టెంప్ ఎవడు? నా కోడులో వీరెట్లు దూరిరి?" అని గర్జింతురు. దూర్చినది వారి మాక్రోయే. ఆ భాషలో మాక్రోలన్నియు సంపూర్ణముగా విస్తరిల్లిన పిదపగాని టైప్‌చెకర్ పనికి దిగదు. కనుక వారు చూచునది తాము వ్రాసిన కోడు, అది చూచునది ఆ కోడు కన్న సంతానము.

ఒకనాడు వారు ఒక చరరాశి సంఖ్యయేనా యని పరీక్షించి, అవునన్న శాఖలో దానికి ఒకటి కలిపిరి. ఇట్టి పరీక్షను గ్రహించి ఆ శాఖవరకు దానిని సంఖ్యగా నెంచుట టైప్‌చెకర్‌కు వెన్నతో పెట్టిన విద్య. కాని ఆ చరరాశి విలువను సెట్ అను క్రియ ఎక్కడనైనను మార్చుచున్నచో, పరీక్షకును వాడుకకును నడుమ ఏమి జరుగునో యను శంకతో అది ఆ పరీక్షను లెక్కసేయదు. పైకి చూడ సెట్ ఎచ్చటను లేదు. మాక్రో గర్భమున నున్నది.

"గురువుగారూ, ఒక్కసారి మాక్రో స్టెప్పర్‌లో విస్తరణ చూద్దామాండీ?" అని కుర్రవాడొకడు వినయముగా నడిగెను.

"నా మాక్రో నాకు తెలియదటయ్యా?" అని వారు వానిని కూర్చుండబెట్టి, టైపుసిద్ధాంతమునందలి దోషములను సావకాశముగా బోధించిరి. పాపము, ఆ విలువకు ముందుగా కొత్త పేరొకటి పెట్టి, ఆ పేరునే పరీక్షించి వాడుకొనుడని మాత్రమే వాడు చెప్పదలచినది.

పిదప వారు, ఏ విలువకైనను సరిపడు ఎనీ యను టైపును మంత్రమువలె పఠించి, కనబడిన ప్రతి పేరునకు ఆ టైపు తగిలించిరి. సంఖ్యయని రుజువు కానిదే కూడిక దేనిని దగ్గరకు రానీయదు గనుక, గొడవ హెచ్చినది. అంతట క్యాస్ట్ ప్రయోగించిరి. చెకర్ నోరు మూసికొన్నది, తగవు ప్రోగ్రాము నడచువేళకు వాయిదా పడినది. టైపులున్న భాగములును లేని భాగములును కలగాపులగమైనచోట, సరిహద్దులలో కాంట్రాక్టులు చేయు సోదాలవలన కొన్ని ప్రోగ్రాములు నూరురెట్లు మందగించినవని 2016లో పరిశోధకులు చూపిరి. వీరి ప్రోగ్రాము మందగించుటకైనను నోచుకొనలేదు. సంఖ్య రావలసినచోట స్ట్రింగ్ వచ్చి, మొదటి అడుగుననే కూలినది.

కాంట్రాక్టు భంగమైనప్పుడు దోషి ఫలానా యని చూపుచు, కాంట్రాక్టు సరియైనదే యనుకొన్నచో అని రాకెట్ కుండలీకరణములలో మర్యాదకొక మాట చేర్చును. సాక్షి తడబాటును పట్టుకొన్న ప్లీడరువలె వారు ఆ మాటను పట్టుకొనిరి. "చూచితివా నాయనా! దానికే అనుమానమున్నది!"

టైపులున్న మాడ్యూలులో పుట్టిన మాక్రోను టైపులు లేని మాడ్యూలు వాడుకొనరాదని టైప్డ్ రాకెట్ నిషేధించినది. ఇరుగుపొరుగు మాడ్యూళ్లకు వారినుండి గల రక్షణ అదియొక్కటే.