టెంపరరీ

పటాన్‌చెరు బెల్టులో ఏ కంపెనీ గేటు దగ్గర దిగినా టైమాఫీసు సారు కనిపిస్తాడు. పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, ఎక్కడైనా అదే మనిషి. గేటు పక్కన అగ్గిపెట్టెలాంటి గది, దానికో చిన్న కిటికీ, కిటికీలో రెండు కళ్లద్దాలు. ఆరింటి షిఫ్టుకు ఆరూ రెండుకు వచ్చినవాడు ఆయన లెక్కలో వచ్చినవాడు కాదు. వేలిముద్ర మిషన్లు వచ్చినప్పుడు ఈ జాతి పని అయిపోయిందనుకున్నారు. ముఖం చూసి హాజరు వేసే మిషన్లు వచ్చాక ఇక ఖాయమనుకున్నారు. ఏమీ కాలేదు. మిషన్ గుర్తుపట్టని ముఖాలను గుర్తుపట్టడానికి ఆయన్నే పిలుస్తున్నారు.

మా బీరంగూడ గల్లీలో ఉన్న సారు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసువాడు. ఆ సర్వీసు ఇంటి గడప దగ్గర ఆగదు. పెళ్లికి వెళితే అక్షింతలు ఒక చేతిలో, గడియారం ఒక చేతిలో. "ముహూర్తం పదకొండు పన్నెండుకు. తాళి పడ్డది పదకొండు పదహారుకు. నాలుగు నిమిషాలు లేటు" అని భోజనాల దగ్గర పంతులుకే చెబుతాడు. ఆయన చేత్తో 'ఓడీ' రాయించుకోవడమంటే కంపెనీలో పెద్ద పండగ. ఓడీ అంటే ఆన్ డ్యూటీ. కంపెనీ పని మీద బయటికి పోయినవాడికి రాసే హాజరు. పని మీదే పోయాడని సాక్ష్యం ఏదని అడుగుతాడు. బ్యాంకుకు పోయినవాడు స్లిప్పు చూపించాలి. అంత్యక్రియలకు పోయినవాడిని ఇంతవరకు ఏమీ చూపించమనలేదు, అదొక్కటే దయ.

ఆ ఇంటికి పిల్లి వచ్చింది.

ఆరుద్ర కార్తె. నాలుగు రోజులుగా ముసురు. జనరల్ షిఫ్టు బస్సు ముత్తంగి దగ్గర రింగురోడ్డు వంతెన కిందికి వచ్చేసరికి ఇంజన్లోంచి కీచుమని చప్పుడు. ఫ్యాన్ బెల్టు అనుకుని డ్రైవరు దిగి బానెట్ లేపాడు. బెల్టు బాగానే ఉంది. బ్యాటరీ పక్కన, గ్రీజు పూసుకుని, పిడికెడు పిల్లికూన ఉంది. వానకు తడిసి, వెచ్చదనం కోసం కంపెనీ షెడ్డులోనే ఎక్కి ఉంటుంది. బస్సులో నలభై మంది. ఒక్కరూ చేయి చాపలేదు. "గేట్ పాస్ లేకుంట బయటికొచ్చింది సార్, మీ కేసే" అని వెనక సీటువాడెవడో అన్నాడు. సారు లేచి, టిఫిన్ డబ్బా తీసి చంకలో పెట్టుకుని, సంచిలో దాన్ని వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆయనకూ తెలియదని నా అనుమానం.

"గిదేంది?" అంది ఆయన భార్య.

"రెండు దినాలు. టెంపరరీ."

"నీ టెంపరరీలు నాకెర్కనే. ముందుటి ఏడు టెంపరరీ అని పెట్టిన కూలరు గీడ్నే ఉన్నది, దాని మీద బట్టలారేస్తున్న."

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ వాళ్లున్నారు, 1992 నుంచి ఇదే పని మీద ఉన్నారు, ఫోన్ చేద్దామా అని నేనన్నాను. రెండు రోజుల దానికి అంత దూరం ఎందుకు తమ్మీ అన్నాడు. వారం గడిచింది. పేరు పెట్టకపోయినా పేరు పడిపోయింది. టెంపరరీ. ముద్దుగా టెంపూ.

ఈ పేరులోని సొగసు తెలియాలంటే బెల్టు లెక్క ఒకటి తెలియాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి వస్తున్న 240 అనే అంకె ఒకటి ఉంది. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవాడు ఏడాదంతా ఎడతెగకుండా పనిచేసినట్టే లెక్క. అంతమాత్రాన పర్మనెంటు అయిపోడు. కానీ ఆ గీత దాటినవాణ్ని తీసేయాలంటే నోటీసు, పరిహారం అని కాగితాలు మొదలవుతాయి. అందుకని 230 దగ్గరికి రాగానే "ఊరికి పోయి రా తమ్మీ, మళ్లా పిలుస్త" అంటారు. దాని పేరు బ్రేక్. ఎవడికి ఎన్ని రోజులయ్యాయో, ఎవడికి ఎప్పుడు బ్రేక్ పడాలో వేళ్ల మీద చెప్పేది టైమాఫీసు. మా సారు చేతి మీదుగా ఎన్ని వందల బ్రేకులు పోయాయో ఆయన హాజరు పుస్తకానికే, అంటే మస్టరుకే, తెలియాలి.

పశువుల డాక్టరు దగ్గరికి దాన్ని అట్టపెట్టెలో తీసుకుపోయాం. నేను పెట్టె పట్టుకున్నాను, ఆయన గడియారం పట్టుకున్నాడు. డాక్టరు వయసైన మనిషి, బెల్టు సంగతులు తెలిసినవాడు. పాలు పోయకండి, పెద్దయ్యాక చాలా పిల్లులకు అరగవు అన్నాడు. మనం తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలకు భయపడిందని ఇన్నేళ్లూ నవ్వుకున్నాం గాని, దాని కడుపు సంగతి ఎవరడిగారు? మందుల కంపెనీల చోటు కదా, ఇంటింటా మాత్రల స్ట్రిప్పులుంటాయి, జ్వరమొచ్చినట్టుందని పారాసెటమాల్ వేసేరు, ఒక్క మాత్ర దాని ప్రాణం తీస్తుందన్నాడు. టీకాల తేదీలు రాసిచ్చాడు. మూడు నెలలకు రేబిస్ సూది. తర్వాత ఆపరేషన్. "ఆపరేషన్ కాకుండా బయటికి వదలొద్దు. నాలుగైదు నెలలకే కట్టొచ్చు, రెండు నెలలకు ఈనుతుంది, మళ్లీ కడుతుంది. ఏడాది తిరిగేసరికి మీ గల్లీలో యూనియన్ లేస్తుంది."

చివరి మాటకు సారు ముఖం మారింది. ఆపరేషన్ తేదీ అక్కడికక్కడే రాయించుకున్నాడు.

తర్వాత ఆర్నెల్లకు సరిపడా గొడవ ఒక్క ప్రశ్న మీద నడిచింది. బయటికి వదలాలా, వద్దా? కొడుకు ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో ఉంటాడు. అక్కడ 2022 జులై 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లిని యజమాని తన ఆవరణ దాటనివ్వకూడదు. పిట్టల్ని, చిన్న జంతువుల్ని తింటున్నాయని చట్టం చేశారు. "డాడీ, గేటు దాటితే ఫైన్ ఇక్కడ" అన్నాడు వీడియో కాల్లో. గేటు దాటితే ఫైన్ అన్న మాట సారు చెవికి కీర్తనలా వినిపించింది. కూతురు ఇంగ్లండులో, రెడింగులో. అక్కడ తలుపుకు పిల్లి పట్టేంత కంత కోసి, చిన్న రెక్క బిగిస్తారు. అది దాని ఇష్టం వచ్చినప్పుడు పోతుంది, వస్తుంది. 2024 జూన్ నుంచి చర్మం కింద చిప్పు మాత్రం తప్పనిసరి. "లోపలే కట్టేస్తే జైలు కదా డాడీ" అంది. సంగారెడ్డి పాత జైలు 1796 నాటిది. తర్వాత దాన్ని మ్యూజియం చేశారు. రోజుకు ఇంతని కట్టి ఖైదీలా ఉండి చూడొచ్చని జనం పోయారు, మరి ఉచితంగా ఉన్నదానికి ఏం రోగం అని సారు గొణిగాడు. కానీ టెంపూ కిటికీ గట్టు మీద కూర్చుని, బయట వాలిన గోరింకను చూస్తూ పళ్లు టకటకలాడించడం ఆయన చూస్తూనే ఉన్నాడు.

అమీన్‌పూర్ చెరువు సంగతి మా గల్లీ కెమెరా కుర్రాడు తెచ్చాడు. ఆదివారం తెల్లారితే వాడు పిట్టల ఫొటోల కోసం ఆ చెరువు గట్టునే ఉంటాడు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. "అంకుల్, మీ పిల్లి చెరువు దాకా పోతే..." అని మొదలుపెట్టాడు. రెండు కిలోమీటర్లు, మధ్యలో పదిహేను కుక్కలు, అది పులేం కాదురా అన్నాను. వాడు వినలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు తరతరాలుగా అడుగుతున్న ప్రశ్నకు బీరంగూడలో జవాబు దొరికింది. సారు భార్య పాత పట్టీల్లోంచి ఒక మువ్వ తెంపి, ఎర్ర దారానికి గుచ్చి కట్టింది. దారమైతే ఎక్కడన్నా తట్టుకుంటే తెగుతుంది, మెడకు ఉరి పడదు. ఆ ఆలోచన ఆమెదే.

దీపావళి టపాసులు పోయాక, ఆపరేషన్ కుట్లు మానాక, ఒక సాయంత్రం జాలి తలుపు తీశారు. టెంపూ గడప మీద నిలబడింది. ముందుకాలు బయట, వెనకకాలు లోపల. సారు ఊపిరి బిగబట్టాడు. అది అట్లాగే ఏడు నిమిషాలు నిలబడి, వెనక్కి తిరిగి, అన్నం గిన్నె దగ్గరికి పోయింది. "టచ్ అండ్ గో" అన్నాడు సారు. ఆ రాత్రే కొత్త మస్టరు తెరిచాడు.

నేను ఆ మస్టరు చూశాను. పొడుగు పుస్తకం, ఎర్ర గుడ్డ వీపు. తేదీ, అవుట్, ఇన్, రిమార్కులు. కార్తీక పున్నమి నాడు: "అవుట్ 9-40 రాత్రి. ఇన్ 5-10 తెల్లవారి. ఎడమ చెవి గీరుకున్నది." ఆ కింద మెటీరియల్ గేట్ పాస్ పద్ధతిలో ఇంకో గడి. "తొండ, 1, ప్రాణముతో. రిటర్నబుల్. గోడవతల వదిలినాము." రెండు రోజులకు: "ఎలుక, 1, చచ్చినది. నాన్ రిటర్నబుల్." ఒక చోట: "మటన్ ముక్క, 1, ఉడికినది. ఎవరి ఇల్లో తెల్వది. విచారణ జరుగుతున్నది." పిట్టల గడి నిండా సున్నాలే. కెమెరా కుర్రాడు వస్తే అదే పేజీ తీసి చూపిస్తాడు.

పిల్లులు చీకటి పడేటప్పుడు, తెల్లారేటప్పుడు ఎక్కువ తిరుగుతాయి, పగలంతా నిద్ర. సారు దానికి శాశ్వతంగా సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, కేటాయించాడు. కష్టం వచ్చిపడింది ఎ షిఫ్టువాళ్లకు. ఐదుంపావుకు బస్సు కోసం బయల్దేరతారు. సరిగ్గా ఆ వేళకే టెంపూ డ్యూటీ దిగి గల్లీ దాటుతుంది. మువ్వ మోగుతుంది, మనిషి ఆగుతాడు. పిల్లి ఎదురైతే వేరెవరైనా దాటేదాకా నిలబడాలి, లేకపోతే ఇంట్లోకి పోయి ఇన్ని నీళ్లు తాగి కూర్చుని రావాలి. ఒక రోజు ముగ్గురు అట్లా నిలబడి, నాలుగోవాడు వస్తాడని చూసి, బస్సు పోగొట్టుకున్నారు. గేటు దగ్గర సారు ముగ్గురికీ లేటు మార్కు కొట్టాడు.

"మీ పిల్లే ఎదురొచ్చింది సార్!"

"స్టాండింగ్ ఆర్డర్లల్ల పిల్లి లేదు. సంతకం పెట్టు."

దీని మీద క్యాంటీన్‌లో వారం రోజులు నవ్వుకున్నారు. 2022 డిసెంబరులో గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలోకి చిరుత దూరిన సంగతి తీశారు. గంటల తరబడి వెతికి, మత్తు సూది కొట్టి పట్టుకుని జూపార్కుకు తీసుకుపోయారు దాన్ని. మా బెల్టులో అసలు సిసలు రెస్క్యూ పిల్లి అదే. అది గనక మన గేటుకు వచ్చి ఉంటే ఏం రాసేవాడివి సారూ అని అడిగారు. ఆయన నిజంగానే ఆలోచించాడు. "విజిటర్ బుక్కుల రాస్త. సంతకం దగ్గర పంజా."

శివరాత్రి ముందు రోజు రాత్రి 9-20కి టెంపూ అవుటయింది. తెల్లారి ఇన్ లేదు. ఆ మరునాడూ లేదు.

ఆయన సెలవు పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లలో కూతురి పెళ్లికి రెండు, కన్ను ఆపరేషన్‌కు ఒకటి పెట్టిన మనిషి. గుట్ట మీద మల్లన్న గుడి మెట్ల దాకా వెతికాడు. హైవే పక్కన టిప్పర్లు పోయే దారి వెంట, కింద చూస్తూ నడిచాడు. అక్కడ మాత్రం నన్ను రావద్దన్నాడు. ఈస్నాపూర్ వైపు ఉండే లోడింగు కుర్రాడొకడు, మూడేళ్లలో మూడు బ్రేకులు తిన్నవాడు, దారిలో కలిసి తనూ వెతకసాగాడు. కాసేపటికి వాడడిగాడు.

"ఎన్ని దినాలైంది సార్, అదొచ్చి?"

"రెండు వందల ముప్పై ఎనిమిది."

"అయితే బ్రేక్ ఇచ్చినట్టున్నరు దానికి."

వాడు ఎగతాళికి అనలేదు, ఊరికే లెక్క చెప్పాడు. సారు జవాబివ్వలేదు. టీ తాగిద్దామని వాడిని హోటల్లోకి తీసుకుపోయి, తనది తాగకుండానే లేచాడు.

రెండో రాత్రి, సి షిఫ్టు వేళ, గల్లీ సద్దుమణిగాక మువ్వ వినిపించింది. తాళం వేసి ఉన్న పక్కింట్లోంచి. వాళ్లు ఏడుపాయల జాతరకు పోయారు. పోయేముందు బియ్యం గది తలుపు వేశారు, లోపల ఎవరున్నారో చూడలేదు. ఫోన్ చేస్తే అవతల డప్పులు, అరుపులు. "రేపు పొద్దుగాల్ల వస్తం అన్నా!" తాళం పగలగొడదామని నేనన్నాను. ఒకరి గేటు తాళం ఇంకొకరు పగలగొట్టడమన్నది ఆయన జీవితంలో లేదు. గోడ దూకడం మాత్రం ఉందని అప్పుడే తెలిసింది. బియ్యం గది తలుపు కింద వేలెడు సందు ఉంది. అందులోంచి ఎండు చేపలు ఒక్కొక్కటే తోశాడు. పళ్లెంలో నీళ్లు పోస్తే పట్టలేదు, బట్ట తడిపి తోశాడు. లోపల నుంచి ఒక పంజా బయటికొచ్చి ఆయన వేలిని ఒకసారి తాకి పోయింది. తర్వాత కుర్చీ తెప్పించుకుని తలుపు పక్కన వేసుకుని కూర్చున్నాడు. గేటు గదిలో కూర్చున్నట్టే, వీపు నిటారుగా.

పొద్దున ఏడింటికి వాళ్లు వచ్చి తలుపు తీశారు. టెంపూ ఒళ్లు విరుచుకుంది, ముందు కాళ్లు ఒకసారి, వెనక కాళ్లు ఒకసారి. సారు ముఖం వైపు చూడకుండా ఆయన చెప్పుల మీదుగా నడిచి నీళ్ల తొట్టి దగ్గరికి పోయింది. పక్కింటావిడ గదిలోకి పోయి, "అయ్యో, బస్తాల ఎన్క మూడు ఎల్కలు సచ్చి పడున్నయి! మీ పిల్లికి పుణ్యముంటది" అంది.

ఇంటికి వచ్చాక సారు భార్య మస్టరు తెచ్చి ముందు పెట్టింది. ఆమె అడగాల్సిందే అడిగింది.

"మరి గీ దినాలకు ఏం రాస్తవ్? బ్రేక్ పడ్డట్టేనా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పెన్ను మూత తీశాడు. ఖాళీగా ఉన్న గడులన్నిటికీ కలిపి పొడుగ్గా ఒక గీత గీసి, దాని మీద 'ఓడీ' అని రాశాడు. రిమార్కుల దగ్గర: "స్థలం, పక్కిల్లు, బియ్యం గది. ఎలుకలు 3. సాక్షి, ఇంటామె." మొత్తం పనిదినాల గడిలో 240 వేసి, కింద రెండుసార్లు గీత కొట్టాడు.