వర్ణదీపిక: ఒక ఎస్టిమేటు చీటీకి టీకా తాత్పర్యం

మూలము: బీ650 గేమింగ్ బోర్డు 1. ర్యామ్ 32 జీబీ 6000 ఆర్‌జీబీ. ఫొటో ఎడిటింగ్‌కి టాప్. ఫ్యూచర్ ప్రూఫ్. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

అవతారిక: మెదకులో స్టూడియో పెట్టుకొని పెండ్లి ఆల్బములు చేయు మా మేనల్లునికి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునందలి ఒకానొక దుకాణమున ప్రసాదింపబడిన గ్రంథమిది. కర్త పేరు తెలియరాదు. "సమజైతలేదు మామా, జర అర్థం చెప్పు" అని శిష్యుడు ప్రార్థింపగా ఈ వ్యాఖ్య ఆరంభింపబడుచున్నది. మూలమున రంగుదీపముల ప్రసక్తి యుండుటచే దీనికి వర్ణదీపిక యని పేరు.

బోర్డు = బోర్డు. ఒకటి = ఒకటి. సుగమము.

బీ650 = 2022లో వెలువడిన ఏఎండీ చిప్‌సెట్. రైజెన్ 7000 తరమును మోయు ఏఎం5 సాకెట్టుది. డీడీఆర్5 ర్యామును దప్ప అన్యము నెరుగదు. "డీడీఆర్5" అను పదము మూలమున లేదు, అధ్యాహారము చేసికొనవలెను. ఇట్లా మింగేసిన పదాలే కొనేవాడి కొంప ముంచుతాయి. ఇంటెల్ బీ760 చిప్‌సెట్ మీద డీడీఆర్4 బోర్డులూ వచ్చాయి, డీడీఆర్5 బోర్డులూ వచ్చాయి. రెండు తరాల స్టిక్కులకూ పిన్నులు 288యే. గాటు చోటు మాత్రం వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు.

మాట మింగితే అర్థము చెడుట నేటి సంగతి కాదు. వాక్యమునకు అర్థము కలుగవలెనన్న ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వలయునని తార్కికు లేనాడో నిర్ణయించిరి. నిప్పుతో తడుపుమనుట యోగ్యత లేని వాక్యమునకు వారిచ్చు ఉదాహరణము. ఈ బోర్డునకు డీడీఆర్4 కొనుమనుట అట్టిదే. సన్నిధి విషయమున మాత్రము మన స్లాట్లు తర్కమునకు ఎదురు తిరిగినవి. రెండు స్టిక్కులను పక్కపక్కన కూర్చుండబెట్టిన జంట కుదిరినట్లు కాదు. నాలుగు స్లాట్ల బోర్డులలో సాధారణముగా ప్రాసెసరు నుండి లెక్కింపగా రెండవది, నాలుగవది. ఎడముగా నుండుటయే యిచట సన్నిధి.

వ్యాఖ్యానమను మాట వచ్చినది గనుక మల్లినాథసూరిని తలపకుండుట పాపము. మెదకు సీమలోని కొలిచెలమ, అనగా నేటి కొల్చారము, ఆయన ఊరు. మా మేనల్లుని స్టూడియోకు కూతవేటు దూరమనవచ్చును. రఘువంశ కుమారసంభవములకు సంజీవని, కిరాతార్జునీయమునకు ఘంటాపథము, మాఘమునకు సర్వంకష, నైషధమునకు జీవాతువు! పేర్లు చూడుడు. మూర్ఛపోయినదానిని లేపునది ఒకటి, ఏనుగులు నడచు రాజవీథి వంటిది వేరొకటి. మూలములో లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ప్రతిన. ఎంత కష్టమైన వ్రతమో వ్యాఖ్య వ్రాయ కూర్చున్నవారికి గాని తెలియదు. ఆయన తరువాతి వారు "చెట్టు అనగా వృక్షము" అని పుట నింపి, నోరు తిరుగని సమాసము రాగానే "స్పష్టము" అని జారుకొనిరి. నాకు చదువు చెప్పిన పుస్తకాలన్నీ అట్లాంటివే. తెలిసినదాన్ని మళ్లీ చెప్పేవి, తెలియనిదాని దగ్గర నోరు మూసేవి. భారవి పలుకు కొబ్బరికాయ వంటిదని, టెంకె పగులగొట్టి రుచి చూపెదనని మల్లినాథుడనెను. ఈ చీటీకాయను కూడ పగులగొట్టి చూచితిని. లోపల కొబ్బరి లేదు.

ఎక్కడుంటిమి? గేమింగ్.

పూర్వపక్షము: పెండ్లి ఫొటోలు దిద్దువానికి ఆటలతో ఏమి పని? సమాధానము: పని లేదు. అయినను బజారులో బోర్డుల పేర్లు టోమహాక్, మోర్టార్ అని యుండును. ఒకటి గొడ్డలి, ఇంకొకటి ఫిరంగి. వరుని చెంపమీది మొటిమను తుడుచుటకు ఇంత ఆయుధ సంపత్తి! గొడ్డలి పేరున్న బోర్డు మీద పెట్టినంత మాత్రాన అదే ప్రాసెసర్, అదే ర్యామ్ ఆల్బమ్‌ను ముందుగా ఎక్స్‌పోర్ట్ చేయవు.

32 జీబీ = ఇచట లెక్క చేయవలెను. 12 ఇంటు 36 అంగుళాల ఆల్బము షీటు, అంగుళానికి 300 చుక్కలు. 3,600ను 10,800తో గుణింపగా 3,88,80,000 పిక్సెళ్లు. 16 బిట్లలో పిక్సెలుకు 6 బైట్ల చొప్పున ఒక్క పొరకే సుమారు 233 ఎంబీ. పది నిండు పొరలున్న రెండు జీబీ దాటును. మనము మార్చనంతవరకు ఫొటోషాపు తనకు దొరికిన ర్యాములో 70 శాతమే వాడుకొనును. చాలనిచో స్క్రాచ్ డిస్కు మీద పడును, పని నత్తనడక నడచును. పక్కన లైట్‌రూమ్ తెరచియున్నను 32 సరిపోవును. చీటీకర్త నిజము పలికినది ఇచటనే.

అయితే వచనమేది? ఒక 32యా, రెండు 16లా? సంస్కృతమున ద్వివచనమున్నది, తెలుగున లేదు. అందుకే కాబోలు మన దుకాణాల్లో ఒక్క స్టిక్కు అంటగట్టి పంపేస్తారు. ఒక్కటే పెడితే డేటా నడిచే దారి సగమవుతుంది. కౌంటరులో ఈ మాట చెప్పిన పుణ్యాత్ముణ్ణి నేను చూడలేదు.

6000 = దీనిని మెగాహెర్ట్‌జ్ అందురు. క్షణమునకు ఆరు వందల కోట్ల బదిలీలని అర్థము. గడియారపు టిక్కులు అందులో సగము. పాఠలోపము: సీఎల్, అనగా అడిగిన డేటాకై వేచియుండు టిక్కుల సంఖ్య, జారిపోయినది. 6000కు సీఎల్30 అయినచో నిరీక్షణ 10 నానోసెకండ్లు, సీఎల్40 అయినచో 13కు పైచిలుకు. పాత డీడీఆర్4 3200 సీఎల్16కు కూడ 10 నానోసెకండ్లే. సీఎల్30, సీఎల్40 డబ్బాలు రెండింటి మీదా 6000 అనే ఉంటుంది, చీటీలోనూ 6000 అనే రాస్తారు. పైగా బయోస్‌లో ఎక్స్‌పో అనే, డబ్బా మీది వేగాన్ని తెప్పించే అమరికను ఆన్ చేయకపోతే ఈ స్టిక్కులు చాలావరకు 4800 దగ్గరే కూర్చుంటాయి. ఆన్ చేసి ఇవ్వడం ఎవరి పని?

ఆర్‌జీబీ = శ్లేషాలంకారము. ఫొటోగ్రాఫరునకు ఇది చిత్రప్రాణము. దుకాణదారునకు మినుకు మినుకు దీపము. గాజు క్యాబినెట్‌లోంచి ఆ ఊదారంగు గోడ మీద పడుతుంటే, పక్కన మానిటర్‌లో పెండ్లికూతురి పట్టుచీర అసలు రంగు ఎట్లా పోల్చుకుంటాడు? ఆ దీపాలకు డబ్బు తీసుకుంటారు. మానిటర్ క్యాలిబ్రేషన్ ఊసే ఎత్తరు.

టాప్ = అర్థవాదము. స్తుతిమాత్రము, విధి కాదు.

ఫ్యూచర్ ప్రూఫ్ = రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నవి, రేపు ఇంకొక రెండు స్టిక్కులు వేసికొనవచ్చునని భావము. రైజెన్ 7000కు ఏఎండీ ప్రకటించిన అధికారిక వేగము రెండు స్టిక్కులకు 5200, నాలుగింటికి 3600. చీటీలో వాగ్దానం చేసిన భవిష్యత్తు వచ్చేటప్పుడు వేగం తగ్గించుకుని వస్తుంది. 64 జీబీ కావాలనుకుంటే ఈరోజే రెండు 32లు కొనాలి. ఆ ముక్క చెప్తే ఈరోజు బేరం పోతుందని భయం.

అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు = గ్రంథమంతటను క్రియాపదముతో ముగిసిన వాక్యమిది యొక్కటే. దీనిని 2019 వినియోగదారుల రక్షణ చట్టముతో కలిపి చదువవలెను. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పనిచో 30 రోజులలో, వెనుకకు తీసికొని డబ్బు తిరిగి ఇయ్యననుట అనుచిత వ్యాపార పద్ధతి.

తాత్పర్యము: ఒరేయ్ అల్లుడూ, ఆ చీటీ వెనక్కి ఇచ్చి ఇంకొకటి రాయించుకో. డీడీఆర్5, రెండు 16లు, 6000 సీఎల్30, దీపాలు లేనివి. బోర్డు కంపెనీ తన సైటులో పరీక్షించిన ర్యాముల జాబితా పెడుతుంది, ఆ స్టిక్కు నంబరు అందులో ఉందో లేదో చూడు. ఎక్స్‌పో వాళ్లచేతే ఆన్ చేయించి, 6000 చూపిస్తున్నదో లేదో అక్కడే నీ కళ్లతో చూసుకో. పక్కా బిల్లు చేతికి వచ్చేదాకా పైసా కట్టకు.