హ్యాండిల్ ఎవరు వంచారు?

మళ్లీ రోడ్డు రోలర్ బయటికొచ్చింది. కింద వరసగా బైకుల నుంచి పీకిన సైలెన్సర్లు, పక్కన అధికారులు, ఎదురుగా కెమెరాలు. ఆ గొట్టాల మీద నాకూ జాలి లేదు. అర్ధరాత్రి మా వీధి అదిరేలా పోయేవాడి సైలెన్సర్ నలిగితే చప్పట్లు కొడతాను. నా మంట రోలర్ వెనకాల వచ్చే ఉపన్యాసం మీద. బండిని కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంచుకోవాలట!

కంపెనీ ఎలా ఇస్తోందో చూశారుగా. 2024 నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ గోవన్ క్లాసిక్ 350 దించింది. ఎత్తైన హ్యాండిల్, తెల్ల అంచు టైర్లు, గాల్లో తేలుతున్నట్టుండే సీటు. అచ్చంగా షెడ్డులో కోసి అతికించిన బండి వేషం. అప్పుడు షోరూం ధర 2.35 లక్షల నుంచి మొదలైంది. జావా పెరాక్‌నయితే ఏకంగా ‘ఫ్యాక్టరీ కస్టమ్’ అని అమ్మారు. ఊరందరికీ ఒకే కొలతతో కుట్టి, మీకోసమే కుట్టామన్నట్టు.

ఆ హ్యాండిల్ సంగతే తీసుకోండి. అదే ఇనుము, అదే వంపు. మోచేతులు అంతే పైకి లేస్తాయి, చంకల్లోకి గాలి అంతే దూరుతుంది. చెన్నై ఫ్యాక్టరీలో వంచితే స్టైలు. మన మస్తాన్ మెకానిక్ వంచితే చలానా. హ్యాండిల్‌కి పుట్టుమచ్చ ఉంటుందా, ఏ కొలిమిలో పుట్టిందో చూడగానే చెప్పడానికి?

ఇక ఛాసిస్ మీద చెయ్యేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ చెప్పినదానికి తేడాగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పేసింది. ఆ ఏడే చట్టంలోకి శిక్ష వచ్చి చేరింది: 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. వీల్‌బేస్ పెంచావా, ఓ 5,000. ఇంజన్ మార్చావా, ఇంకో 5,000. హోటల్ బిల్లు నయం.

సరే, వెల్డింగ్ ఊడితే పోయేది ప్రాణం. ఒప్పుకున్నాను. మరి వచ్చి చూడండయ్యా! బ్రేకులు చూడండి, పొగ కొలవండి, చప్పుడు కొలవండి. ఎవరు చూస్తారు? కొత్త మోడల్‌ని పరీక్షించేది పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు. లక్షల బండ్లు చేసే కంపెనీ కోసం వేసిన దారి అది. ఒకే ఒక్క బండి కట్టుకున్నవాడూ ఆ గుమ్మమే ఎక్కాలి. బ్రిటన్‌లో ఒంటి బండికి ఎంఎస్‌వీఏ అని విడిగా పరీక్షే ఉంది. నెగ్గితే రిజిస్ట్రేషన్, లేకపోతే ఎక్కడ తప్పిందో రాసిస్తారు.

ఇక్కడో? పాత బుల్లెట్ కొని కోసేస్తారు, దాని ఆర్‌సీ జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఏజెంటు సలహా కూడా అదే: “అడక్కండి సార్, అడిగితేనే గొడవ.” దాచుకున్నవాడు దర్జాగా తిరుగుతాడు. నా బండి పరీక్షించండని తెచ్చి నిలబెట్టినవాడి మీద కేసు. సిగ్గుండాలి.



రవాణా శాఖలో బండి కింద పడుకుని అతుకు చూసే మనిషి దొరకడు గానీ, ఫ్యాన్సీ నంబర్ల వేలంపాటకి దొరుకుతాడు. 2024లో ఖైరతాబాద్‌లో టీజీ 09 9999 నంబరు 25 లక్షలు దాటింది. సొంతంగా బండి కట్టుకున్నవాడు 26 లక్షలు పాడినా దానికి ఆ నంబరు రాదు. కాగితాల లెక్కన అది ఇంకా పుట్టనే లేదు.